సభ్యుడు ఎవరు?

(సాంస్కృతికోత్సవము రెండవనాటి సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మొదట ఒక మనవి. నా తెలుగు సాయంకాలపు బడి తెలుగు. మా అవ్వ మాట్లాడిన తెలుగు నా చెవిలో చిన్ననాటినుండి ఉంది గాని, అక్షరాలు మాత్రం యాభై రెండేళ్ళు నిండిన తరువాత, గురువారం రాత్రులు, ఈ హాలు వెనుక గదిలో నేర్చుకొన్నాను. ఈ ప్రసంగం రాయటానికి నాకు ఆరు వారాలు పట్టింది. తప్పులు దొర్లితే ఇప్పుడే సరిదిద్దకండి, టీ దగ్గర చెప్పండి. దిద్దుకొంటాను.

కార్యదర్శిగారు నన్ను మన భాషను గూర్చి, సంస్కృతిని గూర్చి మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై నాలుగు సంవత్సరాలు బడిలో జీవశాస్త్రము, వ్యవసాయ శాస్త్రము చెప్పినదానను. కనుక నాకు తెలిసిన దారిలోనే వస్తాను. చెరకు, నేల, విత్తనము, వీటిని చదివే శాస్త్రజ్ఞులు కూడా మనలాగే సంఘాలు పెట్టుకొన్నారు. వారికీ నిబంధనలు, చందాలు, ఎన్నికలు, తగాదాలు ఉన్నాయి. సభ్యుడు ఎవరు, ఆ మాట ఎవరు నిర్ణయించాలి అనే ప్రశ్న దగ్గర కొన్ని సంఘాలు పెద్దవయ్యాయి, కొన్ని పాడయ్యాయి. వచ్చే నెల మన సర్వసభ్య సమావేశంలో ఇదే ప్రశ్న మన ముందుకు వస్తున్నది. అందుచేత ఈ విషయం ఎంచుకొన్నాను.

నాయన నోటుబుక్కు

మా తాత 1908లో ఉత్తర ఆర్కాటు జిల్లానుండి మద్రాసులో ఓడ ఎక్కి నాటాలుకు వచ్చాడు. 1860 నవంబరు 16న మొదటి ఓడ ట్రూరో డర్బను రేవు చేరింది. 1911లో ఆ రాకడ ఆగిపోయింది. ఈ మధ్యకాలంలో వచ్చిన సుమారు లక్షా యాభై రెండు వేలమందిలో మా తాత ఒకడు. ఆయన చెరకు నరికాడు. ఆయన కొడుకు, అంటే మా నాయన, చెరకు మిల్లు ప్రయోగశాలలో సహాయకుడుగా చేరాడు.

ఆ పని ఏమిటో పిల్లలకు చెబుతాను. చెరకు బండ్లు మిల్లుకు వస్తాయి. గానుగనుండి వచ్చే రసం కొంచెం తీసి, దానిలో ఎంత గట్టి పదార్థం కరిగి ఉన్నదో బ్రిక్స్ లెక్కలో చూడాలి. తరువాత సీసపు ఉప్పు కలిపి, మడ్డి తేర్చి, వడగట్టి, గాజు గొట్టంలో పోసి పోలారిమీటర్‌లో పెడితే చక్కెర ఎంతో తెలుస్తుంది. ఆ రోజుల్లో నాటాలులో రైతుకు డబ్బు చెరకు బరువుమీద మాత్రమే వచ్చేది కాదు, దానిలో ఉన్న చక్కెర మీద వచ్చేది. అంటే ఆ గాజు గొట్టం చూసేవాని కన్ను సరిగా ఉంటేనే రైతుకు న్యాయం. మా నాయన ముప్పై రెండు సంవత్సరాలు ఆ గొట్టం చూశాడు.

మిల్లు కెమిస్టు దొరవద్ద సాంకేతిక నిపుణుల సంఘంవారి వార్షిక సంపుటాలు ఉండేవి. నాయన ఒక్కొక్కటి అడిగి తెచ్చుకొని, గోధుమరంగు కాగితంతో అట్ట వేసి, లాంతరు దగ్గర చదివి, మరక పడకుండా తిరిగి ఇచ్చేవాడు. ఒకసారి ఆ సంఘంలో చేరాలని ఆశపడ్డాడు. నిబంధనల పుస్తకం చూశాడు. దానిలో రంగును గూర్చి, జాతిని గూర్చి ఒక్క మాట లేదట. ఈ రంగములో పని చేసేవాడై ఉండవలెను, ఇద్దరు సభ్యులు పేరు ప్రతిపాదించవలెను, అని మాత్రం ఉంది. ఆ ఇద్దరు ఆయనకు దొరకలేదు. ఒకరు "చూద్దాం" అన్నారు. ఒకరు "వచ్చే ఏడు" అన్నారు. ఆ సంఘం పేరు నేను చెప్పను. ఆ రోజుల్లో ఈ దేశంలో చట్టమే మనుషులను రంగులవారీగా విడదీసింది. ఒక్క సంఘాన్ని తప్పుపట్టి లాభం లేదు.

నేను చెప్పదలచినది ఇది. నాయన దరఖాస్తును ఎవరూ తిరస్కరించలేదు. అది ఎవరి ముందుకూ రాలేదు. తలుపుకు తాళం లేదు గాని, గడియ లోపలివారే తీయాలి. తీయనివాడు కారణం చెప్పనక్కరలేదు. ఎక్కడా రాసి ఉండదు. ఆయన పోయిన తరువాత పెట్టెలో ఒక నోటుబుక్కు దొరికింది. దానినిండా బ్రిక్స్ లెక్కలే. చివరి పుటలో ఆ సంఘానికి రాసి పంపని ఉత్తరం నకలు ఉంది.

హొనొలూలూ నుండి హైదరాబాదు దాక

ఇప్పుడు తలుపు కొంచెం వెడల్పుగా తెరిచిన ఒక సంఘం సంగతి చెబుతాను.

వంద సంవత్సరాల క్రిందట చెరకు పండించే దేశాలన్నీ ఒకదానికొకటి పోటీదారులు. కాని చెరకు తెగుళ్ళకు సరిహద్దులు లేవు. మొజాయిక్ తెగులు ఒక దేశంనుండి ఇంకొక దేశానికి చెరకు ముక్కలతోనే ప్రయాణం చేసింది. మన నాటాలులో అప్పుడు ఉన్నది దాదాపు ఒక్కటే రకం, ఊబా. సన్నని, గట్టి చెరకు. దానికీ చారల తెగులు పట్టింది. ఎవరి దేశంలో వారు తలుపులు మూసుకొని కూర్చుంటే లాభం లేదని శాస్త్రజ్ఞులకు తెలిసింది. 1924లో హొనొలూలూలో పసిఫిక్ దేశాల ఆహార సంరక్షణ సభ జరిగినప్పుడు, అక్కడ కూడిన చెరకు నిపుణులు అంతర్జాతీయ చెరకు సాంకేతిక నిపుణుల సంఘాన్ని స్థాపించారు.

ఆ సంఘం ఏర్పాటు చూడండి. మహాసభ ఒకే ఊరిలో జరగదు. 1927లో హవానా, 1929లో జావా, 1932లో పోర్టోరికో, 1935లో క్వీన్స్‌లాండు, 1938లో లూయిజియానా. తరువాత యుద్ధం వచ్చింది. పన్నెండు సంవత్సరాలు సభ లేదు. 1950లో బ్రిస్బేనులో మళ్ళీ కలిశారు. ఒక్క మనిషిమీద, ఒక్క ఊరిమీద ఆధారపడిన సంఘమైతే ఆ పన్నెండేళ్ళలో పేరు కూడా మిగిలేది కాదు. దేశదేశాల చెరకు సంఘాలు దానిలో భాగస్వాములు. ఒక్కొక్క దేశపు ప్రతినిధి పాలకమండలిలో కూర్చుంటాడు. చెరకు ఎక్కువ పండించే దేశానికే పెత్తనం అనలేదు. 1956లో భారతదేశానికి, 1962లో చిన్న ద్వీపమైన మారిషసుకు సభ వెళ్ళింది. 1974లో మా డర్బనుకు వచ్చింది. అప్పుడు నేను బడిపిల్లను. అతిథుల బస్సులు చెరకు తోటల మధ్య దుమ్ము లేపుతూ పోతుంటే గట్టుమీద నిలబడి చూశాను. 2007లో రెండవసారి డర్బను వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ముప్పై ఒకటవ మహాసభ హైదరాబాదులో జరిగింది. మా తాత ఓడ ఎక్కిన నూట పదిహేను సంవత్సరాలకు ఆ చెరకు పండితులందరూ తెలుగుదేశంలో కూర్చున్నారన్న మాట.

ఇచ్చిపుచ్చుకొనటంవలన ఏమి లాభమో ఒక్క చెరకు చాలు చెప్పటానికి. నాటాలులో చలి. ఇక్కడ చెరకు పూచినా గింజ కట్టటం కష్టం. అందుకని కోయంబత్తూరు చెరకు పరిశోధనా కేంద్రంలో కో 421, కో 312 అనే రెండు రకాలను కలిపి, ఆ గింజను ఇక్కడకు పంపారు. మౌంట్ ఎడ్జికూంబు పరిశోధనా కేంద్రంలో ఆ గింజను మొలకెత్తించి, మొక్కలు ఏరి, 1945లో రైతులకు ఒక రకం ఇచ్చారు. దాని పేరు ఎన్‌కో 310. ఎన్ అంటే నాటాలు, కో అంటే కోయంబత్తూరు. తల్లిదండ్రులు అక్కడివారు, పుట్టి పెరిగింది ఇక్కడ. మనలాగే. ఆ చెరకు ఇక్కడ పొలాలనిండా పరుచుకొని, అక్కడితో ఆగక తైవానుకు, లూయిజియానాకు, క్వీన్స్‌లాండుకు కూడా పోయింది. నీ ఇంటిపేరు ఏమిటని దానిని ఎవరూ అడగలేదు. చలికి, తెగులుకు నిలబడిందా లేదా అని చూశారు.

ఇంకొక సంగతి. లోకంలోని చెరకు రకాలను, వాటి అడవి చుట్టాలను ఒకచోట చేర్చి పెంచాలనుకొన్నప్పుడు, ఆ భాండారం ఒకే దేశం చేతిలో పెట్టలేదు. అంతర్జాతీయ సంఘం గుర్తింపుతో ఒకటి అమెరికాలో ఫ్లోరిడాలోను, రెండవది భారతదేశంలో కేరళ కన్ననూరులోను ఉన్నాయి. ఒకచోట తుఫాను వస్తే రెండవచోట బ్రతికి ఉంటుంది. తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండటం అవిశ్వాసం కాదు, జాగ్రత్త.

ఒక ఇల్లు, మూడు పొయ్యిలు

లోపల ఉన్న సభ్యులకే మా మాట ఎవరూ వినటంలేదు అనిపిస్తే ఏమి చేయాలి? దీనికి అమెరికావారు ఒక దారి చూపించారు.

1907లో అక్కడ వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఒక సంఘం పెట్టుకొన్నారు. దానిలో నేలను చదివేవారికి ఒక విభాగం ఉండేది. బయట ఊరూరా తిరిగి నేలల పటాలు గీసేవారికి 1920నుండి వేరే సంఘం ఉంది. ఒకరు ప్రయోగశాల మనుషులు, ఇంకొకరు బూట్లకు మట్టి అంటినవారు. 1936లో ఈ ఇద్దరూ కలిసి అమెరికా మృత్తికా శాస్త్ర సంఘంగా ఏర్పడ్డారు. 1955లో పంటల శాస్త్రజ్ఞులు కూడా తమకొక సంఘం కావాలని పెట్టుకొన్నారు. మూడు సంఘాలకూ వేరువేరు అధ్యక్షులు, వేరువేరు పాలకమండలులు ఉన్నాయి. అయినా విస్కాన్సిను రాష్ట్రంలోని మాడిసను నగరంలో ఒకే కార్యాలయం, ఒకే సిబ్బంది. వార్షిక సభలు చాలా సంవత్సరాలు కలిసే జరుపుకొన్నారు.

మన పల్లెల్లో అన్నదమ్ములు పొయ్యిలు వేరు పెట్టుకొన్నా బావి ఒక్కటే వాడుకొనేవారని అవ్వ చెప్పేది. ఇదీ అంతే. వేరు పొయ్యి అడిగినవానిని ద్రోహి అనలేదు. అడిగినవాడూ బావిలో రాళ్ళు వేయలేదు. మన నృత్యం కమిటీవారు, భజన కమిటీవారు, యువజన విభాగంవారు ఈ మాట దయచేసి గుర్తుంచుకొనవలెను.

పైనుండి వచ్చిన సభ్యులు

ఇప్పుడు దుఃఖకరమైన కథ. సోవియట్ దేశంలో 1929లో లెనిన్ పేరుమీద వ్యవసాయ శాస్త్రాల అకాడమీ స్థాపించారు. దాని తొలి అధ్యక్షుడు నికొలాయ్ వావిలోవ్. దేశదేశాలు తిరిగి విత్తనాలు సేకరించి లెనిన్‌గ్రాడులో భద్రపరచిన మహానుభావుడు. అదే అకాడమీలో లైసెంకో అనే ఆయన పైకి వచ్చాడు. జన్యువులు అనేవి లేవని, పరిసరాలు మార్చితే మొక్క మారి ఆ మార్పు సంతానానికి కూడా వస్తుందని ఆయన వాదం. పంటలు త్వరగా పెరుగుతాయని ఆశ చూపాడు. ఏలినవారికి ఆ మాట నచ్చింది. 1938లో ఆయనే అకాడమీకి అధ్యక్షుడయ్యాడు.

1939లో ఎడింబరోలో జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభకు వావిలోవును అధ్యక్షుడుగా ఎన్నుకొన్నారు. ప్రభుత్వం ఆయనను వెళ్ళనివ్వలేదు. 1940 ఆగస్టులో అరెస్టు చేశారు. 1942లో లండను రాయల్ సొసైటీ ఆయనను విదేశీ సభ్యుడుగా ఎన్నుకొన్నది. అప్పటికి ఆయన జైలులో ఉన్నాడు. 1943 జనవరిలో సరాతోవు జైలులో చనిపోయాడు. ఒక దేశపు సంఘం గౌరవించి సభ్యుడు అన్న మనిషిని స్వదేశం ఖైదీ అన్నది.

అప్పటికి కూడా అకాడమీలో లైసెంకోను ఒప్పుకొననివారు ఉన్నారు. ఎన్నిక జరిగితే ఏమవుతుందో తెలియదు. అందుకని 1948 జూలైలో ఎన్నిక లేకుండా, ప్రభుత్వ ఉత్తర్వుతో 35 మంది కొత్త సభ్యులను చేర్చారు. వారిలో ఎక్కువమంది ఆయన పక్షంవారు. జూలై 31న సభ మొదలైంది. చివరి రోజు, ఆగస్టు 7న, తన నివేదికను పార్టీ కేంద్రసంఘం ముందే చూసి ఆమోదించిందని లైసెంకో ప్రకటించాడు. ఇంక చర్చ ఎక్కడ? యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకొన్న రాపొపోర్టు అనే శాస్త్రజ్ఞుడు ఆ సభలో లేచి జన్యుశాస్త్రం పక్షాన మాట్లాడాడు. తరువాత కూడా మాట వెనక్కు తీసుకొనలేదు. ఆయనను పార్టీనుండి తొలగించారు. ఆ దేశపు బడులలో జన్యుశాస్త్రం పాఠం ఆగిపోయింది. అది మళ్ళీ సరిగా నిలబడటానికి 1960ల నడుమ దాకా పట్టింది.

తెలివైన మనుషులకు, విత్తనాలకు ఆ అకాడమీలో కొదువ లేదు. ఎవరు సభ్యుడు అనే నిర్ణయం సభ్యుల చేతినుండి పోయింది. ఆ తరువాత మిగిలినవన్నీ దాని వెంటనే పోయాయి.

మన తలుపు

నాయన కథకు, ఈ అకాడమీ కథకు పోలిక లేదని మీకు అనిపించవచ్చు. ఒకచోట ఒక్కనిని రానివ్వలేదు, ఇంకొకచోట ముప్పై అయిదుగురిని ఒకేసారి తోశారు. కాని నాకు రెండూ ఒకే తప్పుగా కనబడతాయి. రెండుచోట్ల నిర్ణయం సామాన్య సభ్యులకు కనబడని చీకటిలో జరిగింది. ఒకచోట "చూద్దాం" అనే మాట చాటున. ఇంకొకచోట ఉత్తర్వు చాటున.

ఇప్పుడు మన సంగతి. వచ్చే నెల సమావేశంలో ఒక తీర్మానం రానున్నది. తల్లి, తండ్రి ఇద్దరూ తెలుగువారైనవారికే ఓటు, మిగిలినవారు ఓటులేని సహసభ్యులు అని. తీర్మానం పెట్టినవారు నాకు బంధువులు, మంచివారు. వారి భయం నాకు తెలుసు. మొన్న ఒక పెద్దాయన, నేను మామా అని పిలిచే మనిషి, నాతో అన్నాడు: "అమ్మాయీ, ఈ హాలు మా నాయనలు షిల్లింగు షిల్లింగు కూడబెట్టి కట్టింది. రేపు పరాయివాళ్ళు వచ్చి ఓటువేసి తాళాలు తీసుకుపోతే ఎవరిని అడగాలి?"

మామా, నీ భయం అబద్ధం కాదు. 1948లో అలాగే జరిగింది. కాని అక్కడ ఇల్లు దోచినవారు ఒక్కొక్కరుగా వచ్చి, చీపురు పట్టి, పాఠం చదివి సభ్యులైనవారు కారు. ఒకే రోజు గుంపుగా వచ్చినవారు. దానికి మందు వేరే ఉంది.

మా గురువారం తరగతిలో పదిహేడుమందిమి. వారిలో ఆరుగురు ఈ తీర్మానం ప్రకారం సహసభ్యులు. తరగతి గది తాళంచెవి ఒక తమిళుల ఇంటినుండి వచ్చిన కోడలి దగ్గర ఉంది. వాన వచ్చినా, ఎండ వచ్చినా ముందుగా వచ్చి తలుపు తీసేది ఆమె. ఉగాదికి పచ్చడి కలిపేది ఆమె. ఆమె పిల్లలు నాకంటె స్పష్టంగా ఱ పలుకుతారు. ఆమెకు ఓటు లేదు. ఆమె పిల్లలకూ లేదు, ఎందుకంటే తల్లి తెలుగు కాదు. అటువైపు, తల్లిదండ్రులిద్దరూ తెలుగువారై ఉండి, పదేళ్ళుగా ఈ హాలు గడప తొక్కనివారికి ఓటు ఉంది. నేను ఎవరినీ నిందించటం లేదు. నా సొంత తమ్ముడు ఆ రెండవ జాబితాలో ఉన్నాడు.

పోలారిమీటర్ గాజు గొట్టంలో చెరకు ఎవరి పొలంనుండి వచ్చిందో కనబడదు, చక్కెర ఎంత ఉన్నదో కనబడుతుంది. అందుకనే రైతులు దానిని నమ్మారు. మన నిబంధనలు కూడా అలా ఉండాలని నా కోరిక. నిబంధనల ఉపసంఘంవారి ముందు మూడు సవరణలు పెడుతున్నాను.

మొదటిది. రెండు సంవత్సరాలు సభ పనులలో గాని, తరగతులలో గాని పాల్గొన్న ఎవరైనా, పుట్టుక ఏదైనా, పూర్తి సభ్యత్వానికి అర్హులు కావలెను. హాజరు పుస్తకం సాక్ష్యం.

రెండవది. ప్రతి దరఖాస్తు సమితి ముందుకు తప్పక రావలెను. ప్రతిపాదించేవారు దొరకకపోతే కార్యదర్శిగారే దానిని సమితి ముందు పెట్టవలెను. కాదన్నప్పుడు కారణం రాసి ఇవ్వవలెను. ఆ కారణం ఒప్పుకొననివారు సర్వసభ్య సమావేశంలో అడుగవచ్చు.

మూడవది మామ కొరకు. ఎన్నికకు ముందు ఆరు నెలలలో చేరినవారికి ఆ ఎన్నికలో ఓటు ఉండరాదు. ఏ సమితి అయినా, ఏ అధ్యక్షుడైనా, సభ్యులను గుంపుగా చేర్చే అధికారం కలిగి ఉండరాదు. హాలు దస్తావేజులు ధర్మకర్తలు ఒకచోట, సభ కోశాధికారి నకలు ఒకచోట ఉంచవలెను, ఫ్లోరిడా, కన్ననూరు లాగ.

ఈ మూడూ కలిసి ఉంటేనే మంచిది. మొదటిది మాత్రం తీసుకొంటే మామ భయం నిజమవుతుంది. మూడవది మాత్రం తీసుకొంటే మన హాలుకు వచ్చేవారు తగ్గి, గోడలు మాత్రం మిగులుతాయి.

నాయన పంపని ఉత్తరంలో ఏమి రాశాడో చెప్పి ముగిస్తాను. ఆయన రంగును గూర్చి ఫిర్యాదు చేయలేదు. ఎన్ని సంవత్సరాలు పని చేసినదీ, ఏయే సంపుటాలు చదివినదీ రాసి, చివర ఒక్క ప్రశ్న అడిగాడు. నా పేరు ఎవరైనా మీ ముందు పెట్టారా, లేదా, ఆ సంగతి మాత్రం దయచేసి తెలుపగలరు, అని. మన సభకు దరఖాస్తు పెట్టిన ఏ మనిషికీ ఆ ప్రశ్న అడిగే అవసరం రాకూడదు.

 వచ్చే నెల సమావేశానికి అందరూ రండి. వంట మా గురువారం తరగతివారిది. సెలవు.